చెవులపిల్లికి బొక్క ఉండదు: మామిడి తోపుకు జాలీ కట్టిన అనుభవం

మామిడి అంట్లు నాటిన పదో రోజు పొద్దున చూస్తే ఒకే వరుసలో 3 మొక్కల కొనలు తెగి పాదుల్లోనే పడున్నాయి. తిన్నది లేదు, కొరికి వదిలేసింది. తెగిన చోట బ్లేడుతో కోసినట్టు ఏటవాలుగా, నున్నగా ఉంది. మేకలు అన్నారు ఒకరు, ఏదుపంది అన్నారు ఇంకొకరు. ఆ కోత చూస్తే రెండూ కాదని తెలిసిపోతుంది. అది చెవులపిల్లి, అంటే అడవి కుందేలు పని.

స్థలం సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతి దగ్గర పాకాల, చంద్రగిరి మధ్య గుట్టల కింద 2 ఎకరాల్లో తోతాపురి, బేనీషా కలిపి 80 అంట్లు. పక్కనే 50 సెంట్లలో డ్రిప్పు మీద టమోటా, బీన్స్. చుట్టూ వానకు పండే మిట్టచేలు. జూన్ నుంచి నవంబరు దాకా ఆ చేలల్లో శెనక్కాయ, అలసంద, ఉలవ పచ్చగా ఉంటాయి కాబట్టి చెవులపిల్లికి మన తోపుతో పెద్దగా పని పడదు. సంక్రాంతి దాటి ఉలవ కూడా పీకేశాక చుట్టూ ఎర్రమన్నే. అప్పుడు డ్రిప్పు పారే చోటొక్కటే పచ్చగా మిగులుతుంది, ఎక్కడెక్కడివో అక్కడికే చేరతాయి. జనవరి నుంచి మే దాకా అసలు పోరు. మేము డిసెంబరు ఆఖర్లో నాటాం. జులైలోనే నాటి ఉంటే అంట్లు వేరు పట్టి, కాండం కొంచెం ముదిరేది, ఈ తిప్పల్లో సగం తప్పేవి.

ఎవరి పనో తేల్చుకోకుండా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకూడదు. మేకకు, ఆవుకు, దుప్పికి ముందువైపు పైపళ్లు ఉండవు. అవి కొమ్మను పట్టి లాగి తెంపుతాయి, అందుకే తెగిన చోట పీచు వేలాడుతుంటుంది. చెవులపిల్లికి పైనా కిందా ఉలిలాంటి పళ్లు. కొరికితే 45 డిగ్రీల వాలుతో కోత పడుతుంది. ఎలుక అయితే నేలకు ఆనుకుని, సన్నసన్న గీతలు పెడుతూ చెక్కుతుంది. ఏదుపంది మొదట్లో బెరడు గీకి, పక్కన గుంత తవ్వి, ఒకటో రెండో ముళ్లు వదిలి పోతుంది. నెమలి మొలకను పీకి పారేస్తుంది కానీ కోయదు.

పెంటికలు కూడా చూడాలి. మేకవి కోలగా, నల్లగా, మెరుస్తూ ఉంటాయి. చెవులపిల్లివి గుండ్రంగా, కొంచెం అదిమినట్టు, ఎండుగడ్డి రంగులో ఉంటాయి. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా గడ్డిపీచు రాలుతుంది. అడుగులైతే ఇంకా తేలిక. గెంతేటప్పుడు ముందుకాళ్లు ఒకదాని వెనక ఒకటి ఆనతాయి, వెనకకాళ్లు వాటిని దాటి ముందుకు వచ్చి పక్కపక్కన పడతాయి. మన్నులో రెండు పొడవాటి గుర్తులు జంటగా ముందు, రెండు చిన్న చుక్కలు వరసగా వెనక. పొడవాటి జంట ఉన్నవైపుకే అది పోయిందని లెక్క. చాలామంది దీన్ని తిరగేసి చదివి, లోపలికొచ్చిన దాన్ని బయటికి పోయిందనుకుంటారు.

ఫోన్‌లో వెతికితే కుందేళ్ల బెడదకు బోలెడన్ని ఉపాయాలు దొరుకుతాయి. బొరియలను ట్రాక్టరుతో దున్ని పూడ్చమంటారు, పొగ పెట్టమంటారు, విషపు ఎర పెట్టమంటారు. అవన్నీ ఆస్ట్రేలియా సంగతులు. అక్కడ 1859లో విక్టోరియా రాష్ట్రంలోని బార్వాన్ పార్క్ అనే ఎస్టేట్‌లో థామస్ ఆస్టిన్ అనే ఆయన వేట సరదా కోసం ఇంగ్లండు నుంచి తెప్పించి వదిలిన కుందేళ్లు ఖండమంతా కమ్మేశాయి. వాటిని చంపడానికి 1950లో మిక్సోమా వైరస్‌ను వదిలారు. పరిశోధన కోసం దీవిలో ఉంచిన ఇంకో వైరస్ 1995లో బయటపడి అదీ కుందేళ్లలో పాకింది. అయినా అవి పూర్తిగా పోలేదు. అవి యూరప్ కుందేళ్లు. గుంపులుగా, నేలలో సొరంగాలు తవ్వుకుని బతుకుతాయి. వాటి పిల్లలు కళ్లు మూసుకుని, ఒంటిమీద బొచ్చు లేకుండా ఆ బొరియల్లోనే పుడతాయి. బొరియ చెడగొడితే కుందేలు చెడుతుంది, అందుకే అక్కడ ఆ పద్ధతి.

మన చెవులపిల్లి వేరే జాతి. మెడ వెనక నల్లమచ్చ, పొడుగు కాళ్లు. బొరియ తవ్వదు. గడ్డిదుబ్బు మొదట్లోనో, రాయి చాటునో ఒళ్లు పట్టేంత పల్లం చేసుకుని పగలంతా అందులో పడుకుంటుంది. పిల్లలు కళ్లు తెరిచే, బొచ్చుతోనే పుడతాయి. పక్క చేను పెద్దాయన ఒక్క మాటలో తేల్చాడు: “దానికి బొక్క యాడిది నాయనా, పండుకున్న చోటే ఇల్లు.” కాబట్టి గెనిమ (చేనుగట్టు) మీద కనిపించే బొక్కల్లో పొగ పెడితే బయటికొచ్చేది ఎలుకో, ముంగిసో, పామో. చెవులపిల్లి మాత్రం పక్క దుబ్బులో కూర్చుని చూస్తుంటుంది.

ఇంకొక అడ్డం చట్టం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద దీనికి రక్షణ ఉంది. ఉచ్చు, వల, విషం, కుక్కలతో తరమడం అన్నీ ఆ చట్టంలో వేట కిందకే వస్తాయి. ఆదివారం కూర కోసం ఉచ్చులు పెట్టేవాళ్లు లేరని కాదు. కానీ సైకిలు బ్రేకు తీగతో కట్టిన ఉచ్చుకు ఏది పడాలో తెలియదు. ఈ గుట్టల్లో చిరుతలు తిరుగుతాయి, కుక్కలు, నెమళ్లు, ఉడుములు కూడా తిరుగుతాయి. కరెంటు తీగ లాగడమైతే ఇంకా ఘోరం. దానితో మనుషులు పోయారు, పలమనేరు వైపు ఏనుగులూ పోయాయి. ఈ దారులు మూసుకున్నాక మిగిలింది ఒకటే, దాన్ని లోపలికి రానివ్వకపోవడం.

కంచె కట్టేముందు 5 రాత్రులు ఇసుకపట్టీ వేశాం. సాయంత్రం 5 దాటాక తోపు హద్దు వెంట 2 అడుగుల వెడల్పున దంతెతో మన్ను లాగి, మీద జల్లించిన ఇసుక పలుచగా చల్లి, చీపురు తిరగేసి చదును చేయాలి. పొద్దున ఎండ ఎక్కకముందే, 6 గంటలకల్లా చూడాలి. ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడే అడుగుల అంచులు తేలతాయి, 9 దాటితే ఏమీ కనపడదు. గాలి వీచిన రాత్రి లెక్కలోకి రాదు. 5 రాత్రుల్లో 4 రాత్రులు అడుగులు పడ్డాయి, అవీ ఎక్కువగా రెండే చోట్ల: గేటు కింద, వంకనీళ్లు దిగే కాలువలో. ఇంతకుముందే నాలుగు వరసల ముళ్లతీగ లాగి ఉంది. ముళ్లతీగ ఆవుకు అడ్డం కానీ, కింది తీగకూ నేలకూ మధ్య 8 అంగుళాల సందు చెవులపిల్లికి రాజమార్గం. ఆ పట్టీ వేయకపోయి ఉంటే డబ్బంతా పై తీగల మీద పెట్టి ఉండేవాళ్లం.

లెక్క వేసుకుంటే రెండు రకాల పని తేలింది. మామిడికి చెట్టు చెట్టుకూ కోళ్ల జాలీతో గూడు, కూరగాయలకు చుట్టూ అదే జాలీతో కంచె. మామిడి చెట్ల మధ్య 33 అడుగుల దూరం ఉంది కాబట్టి ఎకరాకు 40 మొక్కలు. 40 మొక్కల కోసం ఎకరా చుట్టూ కంచె కట్టడం డబ్బు పారబోయడమే. టమోటా నారు, బీన్స్ అలా కాదు, జానెడు నేల కూడా వదలకుండా పైరే. అక్కడ కంచె తప్పదు.

ముందు గూళ్ల సంగతి. చెవులపిల్లి వెనకకాళ్ల మీద నిలబడితే 2 అడుగులకు పైనే అందుకుంటుంది. అందుకే గూడు ఎత్తు రెండున్నర అడుగులు, అంటే 75 సెంటీమీటర్లు ఉండాలి. బ్రిటన్‌లో అడవి మొక్కలకు బొరియ కుందేలు నుంచి కాపుకు 60 సెంటీమీటర్ల గొట్టం, చెవులపిల్లి జాతికైతే 75 సెంటీమీటర్లు పెడతారు, కారణం ఇదే. అడ్డకొలత ఒక అడుగు పెట్టుకుంటే చుట్టుకొలత 3 అడుగుల 2 అంగుళాలు, కలిపి కట్టడానికి 4 అంగుళాలు, మొత్తం మూడున్నర అడుగుల ముక్క. 50 అడుగుల చుట్టలో 14 ముక్కలొస్తాయి. 80 మొక్కలకు 6 చుట్టలు తీసుకుంటే 4 ముక్కలు మిగులుతాయి, అవి తర్వాత పనికొచ్చాయి.

కోళ్ల జాలీ కొనేటప్పుడు కన్ను (అల్లికలోని సందు), తీగ మందం, పూత మూడూ చూడాలి. కన్ను 1 అంగుళం. బ్రిటన్‌లో కుందేళ్ల కంచెకు 31 మిల్లీమీటర్ల కన్ను వాడతారు, మన దగ్గర దొరికే 1 అంగుళం దానికన్నా చిన్నదే కాబట్టి సరిపోతుంది. 2 అంగుళాల కన్ను చవక, కానీ పిల్లలు దూరిపోతాయి. మందం 20 గేజి, అంటే దాదాపు 0.9 మిల్లీమీటరు. అంగడివాళ్లు మొదట చూపించేది 24 గేజి, అది ఇంకా సన్నం. అది చేత్తో నొక్కితేనే నలుగుతుంది, కుక్క ఆనుకుంటే ఒరిగిపోతుంది. ఇక పూత. అల్లాక జింకు పూత పూసింది అయితే మెలికల్లో కూడా పూత నిండి ఉంటుంది. పూత పూసిన తీగతో అల్లింది అయితే మెలి దగ్గర పూత చిట్లి, తుప్పు అక్కడే మొదలవుతుంది. మెలిని ఎండలో దగ్గరగా పెట్టి చూస్తే తెలిసిపోతుంది: సందు మూసుకుని, బొట్టు కారి గడ్డకట్టినట్టు ఉంటే మంచి సరుకు.

ముక్కను డ్రమ్ము మీద చుట్టి గుండ్రం తెప్పించి, తెగిన కొసలను 5 చోట్ల ఎదుటి కంటిలో దూర్చి మెలిపెట్టాలి. బైండింగ్ వైరు విడిగా అక్కర్లేదు. గూటిని నిలబెట్టడానికి రెండు వెదురు కర్రలు, ఒక్కోటి మూడున్నర అడుగులది, అడుగు నేలలోకి. కర్రలు గూటికి లోపలివైపు ఉండాలి, బయట ఉంటే గూడు గాలికి ఊగి పైకి జరుగుతుంది. గూటి అడుగు అంచు 2 అంగుళాలు మన్నులో దిగాలి, లేదా చుట్టూ 5 రాళ్లు పేర్చాలి. మన నేలలో రాళ్లకు కొదవ లేదు, అదొక్కటే లాభం.

ఇందులో చేసే తప్పులు ఎక్కువ. మొట్టమొదటిది గూడు ఇరుకుగా పెట్టడం. జాలీ కాండానికి తగులుతుంటే జాలీ కన్నులోంచే బెరడు కొరుకుతుంది. అడుగు అడ్డకొలత పెట్టింది అందుకే, ఏ వైపు నుంచైనా మూతికి 5 అంగుళాల దూరం ఉండాలి. రెండోది గూడులోపల గడ్డి పెరగనివ్వడం. బయటి గడ్డి కన్నా లోపలి గడ్డి తేమకు లేతగా ఉంటుంది, దాని కోసమే మూతి పెడుతుంది. నెలకొకసారి చేయి పెట్టి పీకాలి. కొందరు గోనెపట్టా చుడతారు, దానికి చెద పట్టి బెరడుకు ఎక్కుతుంది. ఎరువుల సంచి చుడితే ఏప్రిల్, మే ఎండల్లో లోపల మొక్క ఉడికిపోతుంది. 4 అంగుళాల పీవీసీ గొట్టం నిలువునా చీల్చి తొడిగినవాళ్లూ ఉన్నారు. ఎండ తగిలేవైపు 10, 12 చిల్లులు పెడితే పరవాలేదు, లేకపోతే అదీ పొయ్యే. సర్కారు కంప చుట్టడం మన పాత పద్ధతి, ఖర్చులేనిది. కంప కొత్తగా ఉన్నన్నాళ్లు బాగానే ఆపుతుంది, ఎండి ఆకు రాలి కుంగిపోయాక కింద సందులు పడతాయి. ఒక్క కారుకు సరే.

ఇప్పుడు కూరగాయల కంచె. 50 సెంట్లు చదరంగా ఉంటే ఒక్కో పక్క దాదాపు 45 మీటర్లు, చుట్టు 180 మీటర్లు, అంటే 590 అడుగులు. అదే 50 సెంట్లు 20 మీటర్ల వెడల్పుతో పొడుగ్గా ఉంటే చుట్టు 240 మీటర్లు దాటుతుంది. అంత పొడుగు కయ్య అయితే మొత్తానికి కట్టకుండా నారు, లేతపైరు ఉండే సగానికే కట్టడం మేలు. మాది కాస్త చదరమే, 10 అడుగుల గేటు తీసేస్తే 580 అడుగులు. 50 అడుగుల చుట్టలు 12 సరిపోయాయి. రాతికూసాలు (రాతి స్తంభాలు) 10 అడుగులకొకటి ముందే నాటి ఉన్నాయి.

జాలీ 4 అడుగుల వెడల్పుది. 3 అడుగులు నిలువుగా, మిగిలిన 1 అడుగు నేలమీద బయటివైపుకు పరచాలి. కంచె మొదట్లో గీకే జంతువు ఎక్కడ నిలబడి గీకుతుందో అక్కడే దాని కాళ్ల కింద జాలీ ఉండాలి, బయటివైపుకు పరిచేది అందుకే. వెనక్కి ఒక అడుగు జరిగి అక్కడి నుంచి సొరంగం తవ్వాలనే తెలివి దానికి ఉండదు. చాలామంది చూడ్డానికి నీటుగా ఉంటుందని ఆ అడుగును లోపలికి మడుస్తారు. అప్పుడు జాలీ అంచు కింద మన్ను తోడితే చాలు, తల లోపల. ఈ తప్పు మేమే ఒక పక్క, 3 కూసాల మేర చేశాం, మళ్లీ విప్పి తిప్పాల్సి వచ్చింది. నిలువుగా గాడి తవ్వి పూడ్చడం పుస్తకాల్లో ఉండే పద్ధతి. మన గరుకు నేలలో 6 అంగుళాలు దిగితే గడ్డపార ఖంగుమంటుంది. పరవడమే మనకు సులువు.

పని వరస ఇలా సాగింది. కంచె గీతకు రెండువైపులా 3 అడుగుల మేర చెత్త, రాళ్లు తీసేసి నేల చదును చేశాం. పల్లాలు ఉన్నచోట మన్ను పోసి నింపాం. జాలీని పల్లంలోకి వంచితే ఎప్పటికైనా పైకి లేస్తుంది, నేలనే జాలీకి తగ్గట్టు సర్దాలి. కూసాలకు 12 గేజి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) తీగ రెండు వరసలు లాగాం. ఒకటి నేలకు 1 అంగుళం పైన, ఒకటి 3 అడుగుల ఎత్తున. తీగ బిగువుగా లేకపోతే జాలీ బొజ్జలా వేలాడుతుంది. మూల కూసాలు ఒరగకుండా ఊతరాళ్లు ముందే పెట్టాలి, తీగ బిగించాక పెడితే అప్పటికే కూసం లోపలికి వాలి ఉంటుంది. జాలీ చుట్టను నేలమీద పరిచి, ఒక పలక అంచున అడుగు మేర మడిచి, తర్వాత నిలబెట్టి పై తీగకు కట్టాలి. మడత పదునుగా నొక్కకూడదు, పూత చిట్లుతుంది. కాలితో మెల్లగా వంపు తిప్పితే చాలు. పై తీగకు అడుగుకొక కట్టు, కింది తీగకు 6 అంగుళాలకొక కట్టు. చుట్ట మారే చోట 6 అంగుళాలు ఒకదానిమీద ఒకటి ఎక్కించి, నిలువునా 4 అంగుళాలకొక కట్టు. ఈ అతుకు దగ్గర బద్ధకిస్తే సంవత్సరం తిరిగేలోపు అక్కడే చేయి పట్టేంత సందు పడుతుంది.

నేలమీద పరిచిన అడుగును కూడా కుదురుగా పట్టి ఉంచాలి. 6 ఎంఎం కమ్మిని అడుగున్నర ముక్కలు కోసి, యు ఆకారంలో వంచి, 3 అడుగులకొకటి దిగగొట్టాం. రాయి తగిలిన చోట దిగవు, అక్కడ పిడికిలికి మించిన రాళ్లు పేర్చాం. మీద 2 అంగుళాల మన్ను. ఒకట్రెండు వానలకు గడ్డి మొలిచి, వేర్లు జాలీ కళ్లలో అల్లుకుంటాయి. ఆ తర్వాత గుంజినా రాదు. అందుకే ఆ పట్టీ మీద గడ్డిమందు కొట్టకూడదు, కొడవలితో కోయాలి. నలుగురికి 3 రోజుల పని, మూలల దగ్గరే సగం పొద్దు పోయింది.

గేటు. కంచె అంతా ఒక ఎత్తు, గేటు ఒక్కటే ఒక ఎత్తు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1901 నుంచి 1907 దాకా కష్టపడి 1,833 కిలోమీటర్ల మొదటి నంబరు కంచె కట్టారు, అది పూర్తయ్యేలోపే కుందేళ్లు గీత దాటేశాయి. ఎంత పెద్ద కంచె అయినా తెరిచి వదిలేసిన గేటు, వరదకు కోసుకుపోయిన పల్లం దగ్గరే ఓడిపోతుంది. మా 590 అడుగులకూ అదే లెక్క. ఇనుప గేటు కింద ట్రాక్టరు చక్రాల గాళ్లు పడి 6 అంగుళాల సందు. గేటు కింద అడ్డంగా అడుగు వెడల్పు రాతిబండ, నేలకు 1 అంగుళం పైకి తేలేలా పూడ్చాం. గేటు అడుగు పట్టీకి పాత ట్రాక్టరు ట్యూబు 6 అంగుళాల వెడల్పున కోసి, బోల్టులతో బిగించి వేలాడేలా పెట్టాం. మూస్తే ట్యూబు బండకు రాసుకుంటుంది. ట్యూబును కొరకదా అని అడిగారు. కొరకలేదు కానీ రెండో వేసవికి ఎండకు పగుళ్లొచ్చి మార్చాల్సి వచ్చింది. గేటు కమ్మీల మధ్య సందులకు మిగిలిన జాలీ ముక్కలే కట్టాం. గేటు గడియ చీకటి పడకముందే వేయాలి. పొద్దు గూకుతుండగానే చెవులపిల్లి కదులుతుంది, మనం బండి పెట్టి వచ్చి వేద్దామనుకునే లోపల అది లోపలుంటుంది.

కాలువ దాటే చోట కంచెను నిలువుగా కట్టేస్తే అక్టోబరు, నవంబరు వానలకు కంప, ఆకు, టెంకాయ మట్టలు కొట్టుకొచ్చి జాలీకి అడ్డంపడి, నీళ్లు ఆగి, రెండు కూసాలతో సహా పడదోస్తాయి. అందుకని అక్కడ కంచె పైగీతను అలాగే పోనిచ్చి, కాలువ వెడల్పుకు తగ్గ తలుపులాంటిది వేలాడగట్టాలి. మాది 4 అడుగుల వెడల్పు. ఇనుప కోణాలతో చట్రం, దానికి జాలీ, పైన రెండు గొలుసు కడియాలు. నీళ్లొస్తే అవి పారేవైపుకు లేస్తుంది, తగ్గితే దానంతట అదే దిగుతుంది. బరువు చాలక గాలికే ఊగుతుంటే అడుగు కడ్డీకి రెండు కిలోల రాయి కట్టాలి. మరీ బరువైతే నీళ్లకు లేవదు. కట్టేటప్పుడు ఒక బిందెడు నీళ్లు పోసి చూస్తే తెలియదు, మొదటి గట్టివాన రోజు గొడుగు వేసుకుని వెళ్లి చూడాల్సిందే.

కంచె పూర్తిగా మూసే ముందు లోపల ఏదైనా ఉండిపోయిందేమో చూడాలి. పగలు అది కదలదు. కాలు మీద పడేదాకా పడుకునే ఉంటుంది, రంగు కూడా మన్నులో కలిసిపోతుంది. తరమడం చట్టం ఒప్పదు, అవసరమూ లేదు. గుట్టవైపు ఒక కూసం మేర జాలీ కట్టకుండా 3 రాత్రులు వదిలి, లోపలా బయటా ఇసుకపట్టీ వేశాం. పనివాళ్ల అలికిడికి విసుగెత్తి మొదటి రాత్రే ఒకటి పోయింది. వరసగా రెండు పొద్దులు లోపలి పట్టీ శుభ్రంగా కనిపించాకే మూశాం. పిల్లలు కంటపడితే ముట్టుకోకుండా ఆ సందు ఇంకో వారం వదలాలి. తల్లి పగలు దగ్గర ఉండదు, చీకటిపడ్డాక పాలివ్వడానికి వస్తుంది. దిక్కులేని పిల్ల అనుకుని ఇంటికి తెచ్చేవాళ్లు చేసేది అన్యాయమే.

డబ్బు దండగైనవీ చెప్పాలి. పాత చీరలు చుట్టూ కట్టడం అడవిపందికి ఏమో గానీ దీనికి కిందినుంచి దారి ఇచ్చింది. నైలాను వల కొరికేసింది, దానికి తోడు ఒక జెర్రిపోతు చిక్కుకుని చచ్చింది. సోలారు కంచె బొత్తిగా పనిచేయలేదు. ఎండాకాలం నేల పొడిగా ఉంటే ఎర్తు అందదు, ఎర్తు లేకుంటే షాకు లేదు. దానికితోడు ఒంటిమీది బొచ్చు షాకును తగలనివ్వదు. గుడ్ల ద్రావణం మాత్రం కొంత పనిచేసింది. 10 లీటర్లకు 10 గుడ్లు గిలక్కొట్టి, పలుచటి గుడ్డలో వడగట్టి, ఒక చెంచా సబ్బుపొడి కలిపి బీన్స్ మొలకల మీద కొట్టాం. వడగట్టకపోతే నాజిల్ మూసుకుపోతుంది. వాసన వారం పైన ఉంటుంది. కానీ కొట్టిన తర్వాత వచ్చే కొత్త ఆకుకు ఆ వాసన ఉండదు, చెవులపిల్లి వచ్చి ఆ కొత్త ఆకునే తింటుంది. వానపడితే మళ్లీ మొదటికి. కంచె పూర్తయ్యేదాకా రెండు వారాలు నెట్టుకురావడానికి పనికొస్తుంది, అంతే. పూత పట్టాక కొట్టకూడదు.

ఇక తెగిన అంట్లు. కొన తెగి, అంటు కట్టిన చోటుకు పైన కనీసం రెండు కణుపులు మిగిలి ఉంటే భయం లేదు. తెగిన చోటుకు కొంచెం కింద, కణుపుకు పైన, నున్నగా ఏటవాలు కోత పెట్టి వదిలితే మూడు నాలుగు వారాల్లో చిగురేస్తుంది. వచ్చిన చిగుళ్లలో ఒకటి ఉంచి మిగతావి గిల్లేయాలి. అంటు అతుకుకు కింద తెగితే మాత్రం మొలిచేది నాటుమొక్క. దాన్ని పెంచి తోతాపురి అనుకుంటే నాలుగేళ్లకు పీచుకాయ కాస్తుంది. దాన్ని జులై, ఆగస్టులో లేతకాండం మీద మళ్లీ అంటు కట్టించుకోవాలి, లేదా పీకి కొత్తది పెట్టాలి. మా 80లో తెగినవి 11, అందులో 9 పైన తెగినవే కాబట్టి బతికాయి.

బెరడు కొరికితే చుట్టూ ఎంతమేర పోయిందో కొలవాలి. సగానికి తక్కువైతే గాయం అంచులు పదునైన చాకుతో నున్నగా చేసి, బోర్డో పేస్టు పూయాలి. 1 కిలో మైలతుత్తం, 1 కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. తుత్తం ఒక ప్లాస్టిక్ బకెట్లో, సున్నం ఇంకోదాంట్లో విడివిడిగా 5 లీటర్లలో కరిగించి, తర్వాత రెండూ కలపాలి. ఇనుప బకెట్టు పనికిరాదు. ఉన్నవి పది మొక్కలైతే పదోవంతు కలుపుకుంటే చాలు, నిలవ ఉంచితే పనిచేయదు. చుట్టూ ఉంగరంలా బెరడు పోతే ఆకుల్లో తయారైన ఆహారం వేరుకు దిగదు. పైన పచ్చగానే కనిపిస్తూ నెల రెండు నెలల్లో ఎండుతుంది. ఆ ఉంగరం అంటు అతుకుకు పైన ఉంటే ఉంగరానికి కింద కోసేసి చిగురు కోసం చూడాలి, కోయకుండా ఎదురుచూస్తూ కూర్చుంటే వేరు కూడా పోతుంది.

కంచె కట్టాక ఒక పొద్దున బయటి పట్టీమీద అడుగులు కాలువ దగ్గర దాకా వచ్చి, తలుపు ముందు గుంపుగా పడి, మళ్లీ వచ్చినదారినే తిరిగి ఉన్నాయి. మార్చిలో ఇలా మూడు నాలుగు సార్లు. అంటే వెతుకుతోంది. అందుకే వేసవి 4 నెలలు వారానికొకసారి కంచె చుట్టూ నడుస్తాం, చేతిలో కటింగ్ ప్లేయరు, జేబులో బైండింగ్ వైరు ముక్కలు. చూసేది కింది అడుగు మాత్రమే. వానలు మొదలయ్యాక గట్టివాన పడ్డ ప్రతిసారీ కాలువ తలుపు కింద ఇరుక్కున్న కంప లాగెయ్యాలి. ఒక్క పుల్ల అడ్డంపడినా తలుపు నాలుగు వేళ్ల సందుతో తెరుచుకుని ఉండిపోతుంది. మామిడి గూళ్లు మూడో ఏడు కాండం మణికట్టంత లావయ్యాక విప్పాలి. ఆలస్యమైతే పక్కకొమ్మలు జాలీ కళ్లలోంచి బయటికొచ్చి లావెక్కుతాయి, అప్పుడు విప్పడం కుదరదు, ఒక్కో కన్నూ ప్లేయరుతో కత్తిరించాల్సి వస్తుంది.